గొంగడోడికి ఆదివారం సెలవు

మొన్న గోదావరిఖని నుంచి షేర్ ఆటోలో వస్తుంటే నా పక్కన కూర్చున్న అమ్మాయి ఫోన్ తీసి అందరికీ ఒక వీడియో చూపించింది. జైపూర్ వైపు మట్టి గుట్టల మీద ఏదో నల్లటి ఆకారం, రెండు కాళ్ళ మీద నిలబడి ఉంది. తీసినవాడి చెయ్యి వణికిందో, ఆ ఆకారమే వణికిందో తెలియకుండా ఉంది. "ఎలుగుబంటి గాదిది, మనిషి లెక్కనే నిలబడ్డది సూడుండ్రి" అంది ఆ అమ్మాయి. మా బావ కూడా చూశాడని డ్రైవర్ అందుకున్నాడు. ఆ తర్వాత అందరూ నా వైపు తిరిగారు. ఈ ఆటోల్లో ఎక్కేవాళ్ళలో సగం మందికి నేను ఎప్పుడో ఒకప్పుడు తెలుగు చెప్పినదాన్నే. "టీచరమ్మా, మీరేమంటరు?" అని అడిగారు. నేను ఎదురు ప్రశ్నలు వేశాను. ఏ వేళకు కనపడింది? ఏ వారం? ఏమన్నా అరిచిందా? "గివన్ని ఎవరు సూస్తరు మేడం, పోలీసోళ్ళ లెక్క అడుగుతున్నరు" అని ఆ అమ్మాయి నవ్వింది. నవ్వితే నవ్వనీ. ఆ ప్రశ్నలు నేను చిన్నప్పుడే నేర్చుకున్నాను. అవి అడగకపోయి ఉంటే నాకు హైస్కూలు చదువే ఉండేది కాదు.

మేముండే క్వార్టర్లు వరుసల్లో ఉండేవి. ఒక గది, ఒక వంటిల్లు, ముందు చిన్న అరుగు. తెల్లవారేసరికి అన్ని ఇళ్ళ ముందూ బొగ్గుల పొయ్యిలు రాజేసేవాళ్ళు. ఆ పొగ మొదట పచ్చగా, గొంతు పట్టేలా ఉండి, తర్వాత పలచబడి, చివరికి దానిమీద జొన్నరొట్టె కాలే వాసన తేలేది. ఇప్పటికీ ఎక్కడన్నా బొగ్గు పొగ తగిలితే నాకు దగ్గు బదులు ఆకలి వస్తుంది. మా బాపు పేరు దేవదానం, బాయిలో పనిచేసేవాడు. గనిని మా వైపు బాయి అనే అంటారు. నీళ్ళు తోడుకునే బావికీ, బొగ్గు తోడే బావికీ మాకు పేరులో తేడా లేదు. అమ్మ వాళ్ళ నాన్న ఊరూరా తిరిగి సువార్త చెప్పినవాడు. ఆయన పోయాక అమ్మమ్మ మా దగ్గరే ఉండేది. ఇంట్లో పొద్దున ప్రార్థన, రాత్రి ప్రార్థన, మధ్యలో అమ్మమ్మ గొణుగుడు. ఆదివారం చర్చిలో అందరూ గొంతెత్తి పాడుతుంటే బాపు మాత్రం పెదాలు కదిపేవాడు, చప్పుడు వచ్చేది కాదు. "నీ మొగనికి పాట రాదు, పాపం" అని అమ్మమ్మ జాలిపడేది.

బాపు విషయంలో అమ్మకు ఒక గర్వం ఉండేది. మిగతా ఇళ్ళలో మగవాళ్ళు డ్యూటీ దిగి బొగ్గు ముద్దల్లా వచ్చి అరుగుల మీద కూలబడేవాళ్ళు. బాయి దగ్గర నల్లాల కాడ తొక్కులాట, ఎవరికీ ఓపిక ఉండేది కాదు. మా బాపు మాత్రం కాస్త ఆలస్యంగానైనా స్నానం చేసి, తల తుడుచుకుని, దొరలా వచ్చేవాడు. కళ్ళ చుట్టూ కాటుక గీత తప్ప ఇంకే నలుపూ ఉండేది కాదు. ఎక్కడ స్నానం చేశావంటే ఒర్రెలో అనేవాడు. ఒర్రె అంటే చిన్న వాగు. మా వరుసలోని ఆడవాళ్ళు మా అమ్మ ఉతికి ఆరేసిన దుప్పట్ల తెల్లదనం చూసి కుళ్ళుకునేవాళ్ళు.

ఇక గొంగడోడి సంగతి. క్వార్టర్లకూ అవతలి గొల్లగూడేనికీ మధ్య ఒక అడవి తునక ఉండేది. టేకు, తునికి, మధ్యలో ఒర్రె. బాయిలు రాకముందు నుంచే ఆ అడవిలో గొంగడోడు ఉన్నాడని గూడెం వాళ్ళు చెప్పేవాళ్ళు. తల నుంచి కాళ్ళ దాకా నల్ల గొంగడి కప్పుకున్నట్టుంటాడు, రెండు కాళ్ళ మీద నడుస్తాడు, భూమిని తవ్వేవాళ్ళంటే కోపం, ఈడొచ్చిన ఆడపిల్లలను ఎత్తుకుపోతాడు. చాలా ఏళ్ళు అది ముసలివాళ్ళ ముచ్చటగానే ఉంది. నేను బడిలో చేరిన ఏడాది నుంచి వాడు నిజంగానే కనపడటం మొదలుపెట్టాడు. కట్టెలకు పోయిన ఆడవాళ్ళు చూశారు. మేకలు కాసేవాళ్ళు చూశారు. అందరికన్నా ఎక్కువసార్లు చూసింది మా పక్కింటి రాజవ్వ. ఆమె చెబుతుంటే పొయ్యి మీద పులుసు మరిగిపోతున్నా ఎవరూ లేచేవాళ్ళు కాదు. "నల్లగ, ఇంతెత్తు. కండ్లు తెల్లగ, పండ్లు తెల్లగ. రెండు సేతులు మీదికి లేపి, రొమ్ము ఇరుసుకొని నడుస్తడు. మల్ల ఆ అరుపు! బర్రె ఈనేటప్పుడు అరిసినట్టు ఓ… అని. యాది చేసుకుంటేనే నాకు జరమొస్తది" అనేది. బాపు ఇంట్లో ఉన్నప్పుడు ఈ ముచ్చట వస్తే లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. దేవుణ్ణి నమ్మినవాడు కదా, ఇలాంటివి వినడు అని అమ్మమ్మ మెచ్చుకునేది.

మా కాలనీ బడి ఏడో తరగతితో సరి. హైస్కూలు అడవి దాటి, గూడెం దాటి అవతల ఉంది. రోడ్డు చుట్టూ తిరిగి పోతుంది కానీ అంత దూరం పిల్లలు నడవలేరు, అప్పట్లో ఆటోలూ లేవు. నేను ఏడు పాసైన ఎండాకాలంలో అమ్మమ్మ తేల్చి చెప్పేసింది. "గొంగడోడు తిరుగుతుంటే పిల్లను అడివిల పంపుతరా? చదివింది చాలు. కుట్టుపని నేర్చుకుంటది." మా వరుసలో ఇంకా కొందరు ఆడపిల్లలదీ ఇదే కథ. మగపిల్లలు మాత్రం వెళ్ళవచ్చునట, గొంగడోడికి వాళ్ళు అక్కర్లేదట. నాకు ఒళ్ళు మండిపోయింది. అన్నం మానేశాను, రెండో పూటకు ఆకలేసి తిన్నాను. బాపు నా తల నిమిరి, "పంపుదాం తియ్యి, ఏం కాదు" అన్నాడు. "నీకెట్ల ఎర్క ఏం కాదని?" అని అమ్మ గద్దించింది. బాపు చెప్పులు వెతుక్కున్నాడు. నన్ను చదివించాలని ఆయనకెంత ఉందో నాకు తెలుసు. మరి అమ్మ ముందు ఆ ఒక్క మాటకే ఎందుకు తగ్గిపోయాడో నాకు అర్థం కాక ఆయన మీద కూడా అలిగాను.

అలిగినదాన్ని ఊరుకోలేదు. గొంగడోడు ఎప్పుడు వస్తాడో తెలిస్తే, రాని వేళ చూసుకుని బడికి పోవచ్చు కదా అనిపించింది. నల్లా దగ్గర బిందెల వరుస చాలా పొడుగ్గా ఉండేది. ఆ వరుసలో నిలబడి, గొంగడోణ్ణి చూశానన్న ప్రతి ఆడమనిషినీ పట్టుకుని, ఎప్పుడు చూశావక్కా అని అడగడం మొదలుపెట్టాను. మా కాలనీలో గడియారాలు ఉన్న ఇళ్ళు తక్కువ. మాకు కాలం సైరన్‌తోనే నడిచేది. రాత్రి షిఫ్టు వాళ్ళు పొద్దున పైకొచ్చినప్పుడు ఒక కూత, మధ్యాహ్నం మొదటి షిఫ్టు వదిలినప్పుడు ఒక కూత, రాత్రి రెండో షిఫ్టు వదిలినప్పుడు ఒక కూత. బియ్యం కడగడం, పిల్లలకు నీళ్ళు పోయడం, మేకలను మలపడం, అన్నీ దాన్ని బట్టే. కాబట్టి ఎవరిని అడిగినా ఒకటే తీరు జవాబు వచ్చేది. "సైరన్ కూసినంక, ఇగో, అన్నం ఉడికే అంత సేపటికి." రాజవ్వను అడిగినా అదే, గూడెం నుంచి పాలు తెచ్చే ఆమెను అడిగినా అదే. ఎవరికి వాళ్ళు చెప్పారు కనుక, అందరూ ఒకే మాట చెబుతున్నారని వాళ్ళకే తెలియదు.

అయితే కొందరు పొద్దుటి సైరన్ అనేవాళ్ళు, కొందరు మధ్యాహ్నం సైరన్ అనేవాళ్ళు. ఇదేమిటో మొదట అంతుపట్టలేదు. కొన్నాళ్ళు గమనించాక తేలింది. ఒక వారమంతా పొద్దునే కనపడతాడు, ఒక వారమంతా మధ్యాహ్నమే కనపడతాడు, ఇంకో వారం అసలు కనపడడు. "ఈ వారం గుట్టల పండుకున్నడు" అని రాజవ్వ దానికొక కారణం కూడా చెప్పేది. మళ్ళీ మొదటి నుంచి అదే తిరుగుడు. ఆ తిరుగుడు నాకెక్కడో బాగా తెలిసినట్టు అనిపించేది. ఎందుకు తెలియదు, మా ఇల్లు కూడా అలాగే తిరిగేది! బాపుది రాత్రి షిఫ్టు అయితే ఆ వారం పగలు మేం గుసగుసగా మాట్లాడుకోవాలి, గిన్నె కింద పెట్టినా చప్పుడు కాకూడదు. మొదటి షిఫ్టు అయితే మధ్యాహ్నం ఆయన వచ్చేదాకా అమ్మ తినదు. రెండో షిఫ్టు అయితే పొద్దున ఇంట్లోనే ఉంటాడు, నాకు జడలు వేస్తానని కూర్చుని ఒకటి పైకీ ఒకటి కిందికీ వేస్తాడు. నా జడలు వంకరగా ఉన్న వారం గొంగడోడు కనపడడు. ఇంకా చూస్తే ఆదివారం ఎన్నడూ ఎవరికీ కనపడలేదు. ఆ ఏడాది చాలా రోజులు సమ్మె జరిగింది. ఆ రోజుల్లో ఆడవాళ్ళు అడవంతా తిరిగి కట్టెలు తెచ్చుకున్నారు, వాడి జాడే లేదు.

ఇంత తెలిశాక నా బుర్రకు తోచిందేమిటంటే, గొంగడోడు కూడా బాయిలో పనిచేస్తాడు. మా బాపు రిలేలోనే. రిలే అంటే ఒకే షిఫ్టులో కలిసి తిరిగే గుంపు. ఇంతకు మించి నేను ఆలోచించలేదు, ప్రమాణం చేసి చెబుతున్నాను.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి అందరం అన్నానికి కూర్చున్నాం. పచ్చిపులుసు, ఎండుచేపలు. రాజవ్వ ఏదో గిన్నె ఇచ్చిపోదామని వచ్చి, గడప మీద కూర్చుండిపోయింది. నేను గొంతు సవరించుకుని నాకు తెలిసిందంతా చెప్పాను. సైరన్లు, వారాలు, సమ్మె. "గొంగడోనికి ఆదివారం సెలవు. వాడు మా బాపు రిలేల డ్యూటీ చేస్తున్నడు. వాడు బాయిల ఉన్నప్పుడు నేను బడికి పోత" అని ముగించాను. అమ్మ గరిటె కింద పెట్టింది. అమ్మమ్మ, "మీ రిలేల గసొంటోడు ఎవడున్నడు అల్లుడా?" అంది. బాపు పళ్ళెంలోకే చూస్తూ ముళ్ళు ఏరుకుంటున్నాడు. రాజవ్వకు మాత్రం తన దయ్యాన్ని నేను కూలివాణ్ణి చేసేశానని కోపం వచ్చింది. "మనిషైతే గట్లెందుకు అరుస్తడే పోరీ? ఇను" అని లేచి, చేతులెత్తి, కళ్ళు మూసుకుని, "ఓ… ఒ… ఒయ్…" అని ఒక కూత పెట్టింది. నిజంగానే బర్రె ఈనినట్టుంది.

"గది గట్ల గాదు!" అన్నాడు బాపు.

అని ఊరుకుంటే ఏదో సర్దుకునేవాడేమో. ఊరుకోలేదు. ఆ కూత ఆయన చెవుల్లో ములుకులా గుచ్చుకున్నట్టుంది. ఎండుచేప చేత్తోనే పట్టుకుని, సన్నగా, లోగొంతుకతో దాన్ని సరిచేసి పాడాడు. కింది నుంచి మెల్లగా ఎక్కి, ఒకచోట నిలబడి, అక్కడ కాస్త ఊగి, మళ్ళీ తిరిగి వచ్చే రాగం అది. నాకు తెలిసి మా ఇంట్లో అంత అందమైన చప్పుడు అంతకుముందు ఎన్నడూ పుట్టలేదు. పాడి, మా మొహాలు చూసి, ఆపేశాడు.

అప్పుడు బయటపడింది. పెళ్ళికి ముందు బాపు భాగోతాల్లో రాజు వేషం కట్టేవాడట. పిల్లనివ్వాలంటే ఆ వేషాలూ పాటలూ మానాలని మా తాత షరతు పెడితే మానేస్తానని మాట ఇచ్చాడు. అమ్మను అంత ఇష్టపడ్డాడు మరి. మాట ఇచ్చినట్టే ఊళ్ళో ఎక్కడా గజ్జె కట్టలేదు, ఇంట్లో కూనిరాగం కూడా తియ్యలేదు. చర్చిలో నోరు తెరిస్తే ఎక్కడ భాగోతం వరస దొర్లుతుందోనని అక్కడా నోరు కట్టుకున్నాడు. "మరి అడివిల?" అంది అమ్మ. ఆమె గొంతులో కోపం కన్నా దెబ్బ తిన్నతనం ఎక్కువ ఉంది. బాపు చేతిలోని చేపను పళ్ళెంలో పెట్టి చెప్పాడు. "షిఫ్టంత నోరు మూసుకొనే ఉంటం. మీది కప్పు ఎక్కడ సప్పుడు చేస్తదో అని చెవులు పెట్టి ఇనాలె. ఇనకుంటే పానమే పోతది. పైకొచ్చినంక ఒక్కపారి గొంతు ఇడువకుంటే నాకు ఊపిరాడది. మీ నాయనకిచ్చిన మాట యాదికి ఉండె. అందుకే ఎవరు లేని కాడికి పోయిన." ఒర్రె దాకా పాడుకుంటూ పోయి, అక్కడ బొగ్గు కడుక్కుని, పాట కూడా అక్కడే వదిలి ఇంటికి వచ్చేవాడన్నమాట. బాయిలో భుజాల మీద కప్పుకునే గోనెపట్టాయే ఆయన రాజవస్త్రం.

రోజూ నల్లగా వచ్చే మొగుళ్ళను చూసే ఆడవాళ్ళకు అది బాయి మనిషని తట్టలేదా అని మీరు అడగవచ్చు. తట్టలేదు. వాళ్ళకు తెలిసిన బాయి మనిషి తల వంచుకుని, అన్నం గిన్నె ఊపుకుంటూ, కాళ్ళీడ్చుకుంటూ రోడ్డు మీద వస్తాడు. రొమ్ము విరుచుకుని, చేతులెత్తి, రాజులా నడిచే బాయి మనిషిని వాళ్ళెక్కడ చూశారు? గొంగడోణ్ణి నమ్మడమే వాళ్ళకు సులువైంది.

ఇప్పుడు ఆ అడవి లేదు. ఆ చోటే భూమిని పైనుంచే తవ్వే ఓపెన్ కాస్టు గొయ్యి, దాని పక్కన మట్టి గుట్టలు, గుట్టల మీద కంపెనీ నాటిన చెట్లు. డ్యూటీ దిగినవాళ్ళు తెల్లచొక్కాలతో బండ్ల మీద వస్తారు, ఎవరు బాయి నుంచి వస్తున్నారో, ఎవరు బ్యాంకు నుంచి వస్తున్నారో చెప్పలేం. అడవి పోయినందుకు నాకు బెంగ ఉంది, లేదనను. కానీ మా వీధిలో డంపర్ నడిపేవాళ్ళు చల్లటి క్యాబిన్‌లో పాటలు పెట్టుకుని వింటామని చెప్పినప్పుడు, తల మీద కప్పు లేదు కదా, చెవులు దానికి అప్పగించి కూర్చోనక్కర్లేదు కదా అని సంతోషమే వేస్తుంది. పాతరోజులే మంచివని నేననను. రామగుండం ఎండలో నా పింఛను కాలం, ఒక కూలరు, పొద్దున చాయ్, సాయంత్రం అరుగు మీద పిల్లలకు పద్యాలు, నాకు బాగానే ఉంది. ఒక్కటే వెలితి. బాపు గొంతు ఎక్కడా రికార్డు చేసి లేదు. చెప్పుకోవడానికి నేనొక్కదాన్నే మిగిలాను, నాకేమో పాట రాదు.

ఆ రోజు అన్నాలు సగంలోనే ఆగిపోయాయి. రాజవ్వ పైట నోట్లో కుక్కుకుని నవ్వాపుకుంటోంది. అమ్మమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటోందో, ఏడుస్తోందో తెలియదు. అమ్మ లోపలికి పోయి తలుపు వేసుకుంది. బాపు ఆ తలుపు దగ్గర నిలబడి అన్నాడు. "నన్నేమన్న అను. పిల్ల బడి మాత్రం ఆపకు." లోపలి నుంచి అమ్మ మాట వచ్చింది. "మేం ఆపం. మిగిలినోళ్ళ పిల్లల సంగతేంది? నువ్వే గొంగడోనివని ఎవరు నమ్ముతరు?" బాపు, "వాళ్ళేం జూసిండ్రో గదే సూపిస్త" అన్నాడు. మా కాలనీలో, చర్చిలో, రిలేలో, అందరి ముందూ మాట తప్పినవాడిగా నిలబడటానికి ఆయన సిద్ధపడ్డాడని అప్పుడు నాకు అర్థం కాలేదు. నా బడి తెరుస్తారని మాత్రమే అర్థమైంది.

హైస్కూలు తెరిచిన వారం ఆయనది రాత్రి షిఫ్టు. పొద్దుటి సైరన్ కూసింది. అన్నం ఉడికే అంత సేపటికి, తల నుంచి కాళ్ళ దాకా బొగ్గుతో, భుజాల మీద గోనెపట్టాతో బాపు మా ఇంటి ముందు నిలబడ్డాడు. కడుక్కోలేదు. నేను కొత్త పరికిణీ కట్టుకుని, పుస్తకాలు పట్టుకుని, ఆయన వెనక. నా వెనక మా వరుసలోని ఆడపిల్లలు, వాళ్ళ వెనక వాళ్ళ అమ్మలు, అందరికన్నా వెనక రాజవ్వ. అమ్మ రాలేదు. అడవి మొదలయ్యేదాకా బాపు మామూలుగానే నడిచాడు, తల వంచుకుని. మొదటి టేకుచెట్టు దగ్గర ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. రొమ్ము విరిచాడు, రెండు చేతులూ పైకెత్తాడు, రాగం తీశాడు. అది ఇంట్లో ఎండుచేప పట్టుకుని తీసిన సన్నటి రాగం కాదు. చెట్ల మీది పిట్టలు లేచిపోయాయి. గూడెం నుంచి మేకలవాళ్ళు కర్రలు పట్టుకుని ఉరికివచ్చి, వెనక ఇంతమంది పిల్లలనూ ఆడవాళ్ళనూ చూసి, కర్రలు దించి నిలబడిపోయారు. ఒక ముసలవ్వ దగ్గరికి వచ్చి బాపు చెంప మీద వేలితో గీసి, ఆ వేలును చూసుకుని, "బొగ్గేనాయె!" అంది. అందరూ ఒకేసారి నవ్వారు. నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. బాపు ఆపలేదు. ఒర్రె దాకా పాడుతూనే నడిచాడు.

ఒర్రె దగ్గర అమ్మ ఉంది. మా కన్నా చాలా ముందే బయలుదేరి రోడ్డు దారిన చుట్టు తిరిగి వచ్చినట్టుంది, చీర కుచ్చిళ్ళ నిండా దుమ్ము. ఒక చేతిలో సబ్బు, ఒక చేతిలో తువ్వాల. ఆమెను చూడగానే బాపు పాట తెగిపోయింది, చేతులు కిందికి దిగాయి, మళ్ళీ మామూలు బాయి మనిషి అయిపోయాడు. అమ్మ ఆయనను కిందా మీదా చూసింది. "ఎందుకు ఆపినవ్?" అంది. బాపు నమ్మలేనట్టు చూశాడు. "ఇన్నేండ్లు అడివికే పాడినవ్. నా ముంగట పాడాలనిపియ్యలేదా?" అని, బండ మీద కూర్చుని, సబ్బూ తువ్వాలా ఒళ్ళో పెట్టుకుంది. "పాట మంచిగనే ఉన్నది. సేతులే గట్ల లేపకు, పోరగాండ్లు జడుసుకుంటరు."

బడి గంట వినపడింది. మొదటి రోజే ఆలస్యమైపోతోందని నేను ఏడుపు మొహం పెట్టాను. ఎవరూ నా వైపు చూడలేదు. బాపు చేతులు వెనక్కి కట్టుకుని పాట మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. అమ్మ వింటోంది.